తెలంగాణ తొలి శాసనసభ (2014-2018)లో బొగ్గుగనుల ప్రాంత ప్రాతినిధ్యం: పదవులు, ప్రశ్నలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలంగాణ తొలి శాసనసభలో బొగ్గుగనుల నియోజకవర్గాల సభ్యులకు సభాపతి స్థానం మొదలుకొని విప్, పార్లమెంటరీ కార్యదర్శి వరకు పలు పదవులు లభించాయి. అదే కాలంలో ఆ ప్రాంతపు ప్రధాన సమస్యలు సభకు వెలుపలే నిర్ణయమయ్యాయి. కమాన్‌పూర్ మండలాన్ని పరిశీలనా కేంద్రంగా తీసుకొని, ఈ రెంటి నడుమ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శాసనసభ, సభాపతి, విప్, సింగరేణి, మంథని, వారసత్వ ఉద్యోగాలు, ప్రాతినిధ్యం

1. కమాన్‌పూర్ ఓటు

కమాన్‌పూర్ మండలపు గని కార్మికుడు పనిచేసేది సింగరేణి రామగుండం-3 పరిధిలో. ఓటు వేసేది మంథని నియోజకవర్గంలో. గోదావరిఖని కార్మికుడికి రామగుండం నియోజకవర్గం ఉంది. అక్కడ అభ్యర్థి ఎవరైనా గని గేటు దగ్గర నిలబడక తప్పదు. మంథని పరిస్థితి వేరు. ఒకవైపు కమాన్‌పూర్ బొగ్గుపొరలు, మరొకవైపు మహదేవపూర్ అడవి, మధ్యలో గోదావరి ఒడ్డు వ్యవసాయం. ఓపెన్‌కాస్టు కింద పోయే భూమి గురించి అడిగేవారూ, పోడు భూమికి పట్టా అడిగేవారూ, బ్యారేజీ ముంపు గురించి అడిగేవారూ ఇక్కడ ఒకే సభ్యుడి వద్దకు వెళ్లాలి.

సభాకాలం నడుస్తుండగానే ఈ భూగోళం మళ్లీ మారింది. 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కమాన్‌పూర్ కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. మండలం నుంచి రామగిరి మండలం వేరుపడి సెంటినరీ కాలనీ అందులోకి వెళ్లింది. అదే నియోజకవర్గంలోని కాటారం, మహదేవపూర్ ప్రాంతాలు జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు చేరాయి. మండలమూ జిల్లా సరిహద్దులూ మారినా నియోజకవర్గం మాత్రం మారలేదు. అందువల్ల కమాన్‌పూర్ ప్రజలకు రాజ్యవ్యవస్థతో ఉన్న సంబంధాల్లో ఆ అయిదేళ్లలో స్థిరంగా మిగిలినది శాసనసభ్యుడే. అతను సభలో ఏం చేయగలడన్నది అందుకే కేవలం సాంకేతిక ప్రశ్న కాదు.

మంథనికి సభా నాయకత్వం కొత్తది కాదు. 1957 నుంచి 1977 వరకు ఈ స్థానానికి ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. దుద్దిళ్ల శ్రీపాదరావు 1991 నుంచి 1995 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభాపతిగా ఉన్నారు. ఆయన కుమారుడు శ్రీధర్‌బాబు శాసనసభా వ్యవహారాల మంత్రి అయ్యారు. 2014 జనవరిలో, రాష్ట్ర పునర్విభజన బిల్లుపై చర్చ జరగవలసిన వేళ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి ఆ శాఖను ఆయన నుంచి తప్పించగా మంత్రిపదవికే రాజీనామా చేశారు. సభను నడిపే విద్యను తరాలుగా చూసిన నియోజకవర్గం 2014 ఎన్నికల్లో ఆ వారసత్వాన్ని పక్కనపెట్టి, తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి పుట్ట మధును తొలిసారి సభకు పంపింది. రాష్ట్రం సాధించిన పార్టీకి ఇచ్చిన ఓటుగా మాత్రమే దీన్ని చూడడం అసంపూర్ణం. పెద్దకుటుంబం చేతిలో ఉన్న స్థానాన్ని మామూలు మనిషికి అప్పగించి చూద్దామన్న కోరిక కూడా అందులో ఉంది.

2. సభ స్వరూపం

2014 జూన్ 2న రాష్ట్రం అవతరించింది. అదే నెల 9న తొలి సభ కొలువుదీరింది. ఎన్నికైన 119 మందిలో తెలంగాణ రాష్ట్ర సమితి 63, కాంగ్రెస్ 21, తెలుగుదేశం 15, మజ్లిస్ 7, భారతీయ జనతా పార్టీ 5, వైఎస్ఆర్ కాంగ్రెస్ 3, బహుజన సమాజ్ పార్టీ 2, సీపీఐ 1, సీపీఎం 1, స్వతంత్రులు 1. నామినేటెడ్ ఆంగ్లో-ఇండియన్ సభ్యుడు ఎల్విస్ స్టీఫెన్‌సన్‌తో కలిపి 120. గజ్వేల్ సభ్యుడు కల్వకుంట్ల చంద్రశేఖర్‌రావు ముఖ్యమంత్రి, నాగార్జునసాగర్ సభ్యుడు కుందూరు జానారెడ్డి ప్రతిపక్ష నాయకుడు, భూపాలపల్లి సభ్యుడు సిరికొండ మధుసూదనాచారి సభాపతి, మెదక్ సభ్యురాలు పద్మా దేవేందర్‌రెడ్డి ఉపసభాపతి. మహిళా సభ్యులు 9 మంది. మంత్రివర్గంలో మాత్రం సభ రద్దయ్యేవరకు ఒక్క మహిళా లేరు. ఈ చివరి అంశం మీద చాలా రాశారు, ఇంకా రాయవలసీ ఉంది.

119 స్థానాల సభలో మెజారిటీకి 60 కావాలి. 63 అంటే మూడు సీట్ల అంచు. తర్వాతి నాలుగేళ్ల సభా చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ స్వల్పాధిక్యతే తాళంచెవి. ఆ అంచును వెడల్పు చేసుకొనే ప్రయత్నం మొదటి రోజుల్లోనే ఆరంభమైంది. బహుజన సమాజ్ పార్టీ సభ్యులిద్దరూ అధికారపక్షంలో కలిశారు. తెలుగుదేశం తరఫున గెలిచిన తలసాని శ్రీనివాసయాదవ్ 2014 డిసెంబరులో మంత్రి అయ్యారు. ఆయన రాజీనామా సభాపతి వద్ద ఆమోదం పొందకుండానే ఉండిపోయింది. 2016 నాటికి తెలుగుదేశం 15 మందిలో 12 మంది అధికారపక్షంలో ఉన్నారు. మూడింట రెండువంతుల విలీనం పదో షెడ్యూలు నాలుగో పేరా నీడలోకి వచ్చింది. సీపీఐ ఏకైక సభ్యుడు రవీంద్రకుమార్ కూడా అదే ఏడు ఆ పక్షానికే చేరారు.

3. పదకొండు స్థానాలు

బొగ్గుగనులున్న నియోజకవర్గాలను ఉత్తరం నుంచి దక్షిణానికి లెక్కిస్తే ఆసిఫాబాద్, బెల్లంపల్లి, చెన్నూరు, మంచిర్యాల, రామగుండం, మంథని, భూపాలపల్లి, ఇల్లందు, పినపాక, కొత్తగూడెం, సత్తుపల్లి. మొత్తం 11. 2014లో వీటిలో 8 అధికారపక్షానికి దక్కాయి. ఇల్లందు కాంగ్రెస్‌కు, పినపాక వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు, సత్తుపల్లి తెలుగుదేశానికి వెళ్లాయి. ఇల్లందు సభ్యుడు కోరం కనకయ్య, పినపాక సభ్యుడు పాయం వెంకటేశ్వర్లు సభాకాలంలోనే అధికారపక్షంలో చేరారు. ప్రతిపక్షంలో మిగిలినది సత్తుపల్లి ఒక్కటే.

2009 సభతో పోల్చినపుడు ఈ మార్పు తీవ్రత తెలుస్తుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సభలో సీపీఐకి నలుగురు సభ్యులుంటే అందులో ఇద్దరు, బెల్లంపల్లి నుంచి గుండా మల్లేశ్, కొత్తగూడెం నుంచి కూనంనేని సాంబశివరావు, గనుల ప్రాంతంవారే. మల్లేశ్ ఆ పార్టీ శాసనసభాపక్ష నాయకుడు కూడా. ఏఐటీయూసీ గని గేటు దగ్గర అడిగిన ప్రశ్న సభలో మరునాడు వినిపించే దారి ఒకటి ఉండేది. 2014లో ఇద్దరి స్థానాలూ పోయాయి. గనుల్లో ఏఐటీయూసీ బలంగానే ఉంది. సభలో దాని తరఫున బొగ్గుగనుల నుంచి వచ్చిన సభ్యుడు లేడు.

అధికారపక్షం తరఫున గెలిచిన 8 మందిలో 5 మందికి పదవులు వచ్చాయి. మధుసూదనాచారి సభాపతి. చెన్నూరు సభ్యుడు నల్లాల ఓదెలు ప్రభుత్వ విప్. కొత్తగూడెం సభ్యుడు జలగం వెంకటరావు, ఆసిఫాబాద్ సభ్యురాలు కోవ లక్ష్మి పార్లమెంటరీ కార్యదర్శులు. రామగుండం సభ్యుడు సోమారపు సత్యనారాయణ 2016లో ఆర్టీసీ ఛైర్మన్. వీరికి తోడు ఒకనాడు సింగరేణి కార్మికుడిగా పనిచేసిన ధర్మపురి సభ్యుడు కొప్పుల ఈశ్వర్ ప్రభుత్వ చీఫ్ విప్. మంథని, మంచిర్యాల, బెల్లంపల్లి సభ్యులకు మాత్రమే ఏ పదవీ లేదు. ఈ పట్టికను చూసి గనుల ప్రాంతానికి తొలి సభలో గొప్ప గుర్తింపు లభించిందని అంటారు. పదవుల సంఖ్యను బట్టి అది నిజం. పదవుల స్వభావాన్ని బట్టి నిజం కాదు.

4. మాట్లాడని పదవులు

ఇంగ్లీషులో స్పీకర్ అనే మాటకు మాట్లాడేవాడని అర్థం. రాజు ఎదుట సభ తరఫున మాట్లాడినందుకు ఆ పేరు వచ్చింది. తెలుగులో సభాపతి అన్నాం. సభకు అధిపతి అన్న ఈ పేరులో మాట్లాడటం అన్న అంశమే లేదు, ఒకవిధంగా ఇదే వాస్తవానికి దగ్గర. సభాపతి చర్చలో పాల్గొనడు, ప్రశ్న వేయడు. రాజ్యాంగపు 189వ అధికరణం ప్రకారం ఓట్లు సమానమైనపుడు తప్ప ఓటు కూడా వేయడు. భూపాలపల్లి ఓటరు ఎన్నుకొన్న మనిషి 119 మందిలో అత్యున్నత స్థానంలో కూర్చున్న క్షణం నుంచి భూపాలపల్లి గురించి సభలో అడిగే హక్కును ఆచరణలో వదులుకొన్నాడు.

బ్రిటన్‌లో ఈ నష్టానికి ఒక పరిహారం ఉంది. స్పీకర్ పార్టీని వదిలేస్తాడు, ప్రధాన పార్టీలు సాధారణంగా అతనిపై పోటీ పెట్టవు. ఇక్కడ స్పీకర్ పార్టీలోనే ఉంటాడు, అయిదేళ్ల తర్వాత అందరిలాగే ఓట్లడగాలి. స్పీకర్ మళ్లీ గెలవడన్న నమ్మకం తెలుగు రాష్ట్రాల్లో ప్రచారంలోకి రావడానికి కారణం గ్రహచారం కాదు. 1994లో శ్రీపాదరావు, 2009లో సురేశ్‌రెడ్డి, 2014లో నాదెండ్ల మనోహర్, 2018లో మధుసూదనాచారి ఓడిపోయారు. నాలుగు ఓటములకూ నాలుగు స్థానిక కారణాలుండవచ్చు. అయినా అడగలేని స్థానంలో కూర్చున్నవాడిని మా కోసం ఏం అడిగావని నిలదీసే ఓటరును తప్పుపట్టలేం. ఈ నలుగురిలో ఇద్దరు బొగ్గు ప్రాంతంవారు కావడం గమనార్హం.

మధుసూదనాచారి మీద పడిన మరో భారం పదో షెడ్యూలు. ఫిరాయింపుల విషయంలో సభాపతి న్యాయనిర్ణేత. 1992 నాటి కిహోటో హొలోహాన్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ పాత్రను ట్రిబ్యునల్‌గా పరిగణించి న్యాయసమీక్షకు లోబరిచింది. అయితే నిర్ణయం ఎప్పటిలోగా తీసుకోవాలో షెడ్యూలు చెప్పదు. పుష్పించి కాయని చెట్టులా అనర్హత పిటిషన్లు నిలిచిపోయాయి. పార్టీ స్థాపన నాటి నుంచి ఉన్న నాయకుడు, మూడు సీట్ల అంచు మీద నిలబడిన ప్రభుత్వం, గడువు లేని అధికారం: ఈ మూడూ కలిసినచోట తటస్థతను వ్యక్తి గుణం మీదే ఆశించడం వ్యవస్థ లోపం. 2018 మార్చి 12న గవర్నర్ ప్రసంగ సమయంలో విసిరిన హెడ్‌ఫోన్ మండలి అధ్యక్షుడు స్వామిగౌడ్‌కు తగిలిన ఘటనపై మరునాడే కాంగ్రెస్ సభ్యులు కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్‌కుమార్‌ల సభ్యత్వం రద్దయింది. జానారెడ్డి సహా ఆ పార్టీ సభ్యులు సస్పెండయ్యారు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ రద్దును కొట్టివేసింది. ఫిరాయింపుపై ఏళ్లు, హెడ్‌ఫోన్‌పై ఒక్కరోజు. ఈ రెండు వేగాలను పక్కపక్కన ఉంచి చూసినపుడే ఆ సభాకాలపు అధ్యక్షత తీరు తెలుస్తుంది.

విప్ అనే మాటకు తెలుగులో స్థిరమైన సమానార్థకం లేదు. వేటకుక్కలను మందలో ఉంచేవాడి కొరడా నుంచి పుట్టిన పదమిది. సొంత సభ్యులు హాజరయ్యేలా, ఒకే వైపు ఓటు వేసేలా చూడటం విప్ పని. గని వాడుకలో దీనికి దగ్గరి పోలిక సర్దారు. కార్మికుల్లోంచి వచ్చినవాడే అయినా, సర్దారైన తర్వాత ఆ షిఫ్టులో పని సక్రమంగా సాగించే బాధ్యత అతనిది. కోల్‌ఫిల్లర్ల పక్షాన యాజమాన్యంతో వాదించడం కాదు. బొగ్గు తవ్విన చేతులకే చీఫ్ విప్ పదవి అప్పగించడం గౌరవమే. ఆ గౌరవం ఆ మనిషిని ప్రశ్నించేవారి వరుస నుంచి ప్రశ్నలను క్రమబద్ధం చేసేవారి వరుసలోకి మార్చింది. పార్లమెంటరీ కార్యదర్శుల సంగతి మరీ విచిత్రం. 164వ అధికరణం విధించిన 15 శాతం పరిమితి వల్ల ఇక్కడ మంత్రివర్గం 18కి మించకూడదు. ఆ పరిమితి పక్కనుంచి వేసిన మెట్లవి. 2014 డిసెంబరులో నియామకం, 2015 మే నెలలో హైకోర్టు నిలుపుదల. అసలైన మంత్రిపదవి మాత్రం ఈ 11 స్థానాల్లో ఎవరికీ రాలేదు. సింగరేణికి సంబంధించిన ఇంధనశాఖ ఆ సభాకాలంలో 2015 నుంచి సూర్యాపేట సభ్యుడు జగదీశ్‌రెడ్డి వద్ద ఉండేది.

5. సభ వెలుపల జరిగిన శాసనం

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాటలతో తెలంగాణ బతుకును చెప్పిన ఉద్యమం గనుల ప్రాంతానికి బాకీపడింది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో బొగ్గు ఉత్పత్తి ఆగినందువల్లే ఢిల్లీకి సమ్మె తీవ్రత తెలిసింది. ఆ బాకీకి కార్మికులు పెట్టిన పేరు వారసత్వ ఉద్యోగాలు. పూర్వం ఉండి నిలిచిపోయిన ఈ పద్ధతిని పునరుద్ధరిస్తామని 2016లో ముఖ్యమంత్రి ప్రకటించారు. కంపెనీ బోర్డు ఆమోదించింది. 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసింది: అనారోగ్య కారణం లేకుండా ఉద్యోగాన్ని వారసుడికి బదలాయించడం 14, 16 అధికరణాలకు విరుద్ధం. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ ఏడాది అక్టోబరు 5న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో అధికార పార్టీ అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం 11 ఏరియాల్లో 9 గెలిచింది. తర్వాత కొద్దిరోజులకే ప్రగతి భవన్‌లో కార్మిక నాయకులతో జరిగిన సమావేశంలో వైద్యకారణాలపై కారుణ్య నియామకాల హామీ వెలువడింది.

ఈ క్రమంలో శాసనసభ ఎక్కడుంది? ప్రకటన ముఖ్యమంత్రిది, ఆమోదం బోర్డుది, రద్దు న్యాయస్థానానిది, పునఃప్రకటన మళ్లీ ముఖ్యమంత్రిదే. సభలో విషయం ప్రస్తావనకు రావడం వేరు, సభ పరీక్షకు నిలబడటం వేరు. కేంద్రానికి 49 శాతం, రాష్ట్రానికి 51 శాతం వాటా ఉన్న సంస్థ ఇది. కంపెనీల చట్టం 394వ సెక్షను ప్రకారం దాని వార్షిక నివేదికను రాష్ట్ర శాసనసభ ముందు కూడా ఉంచాలి. ప్రభుత్వరంగ సంస్థల కమిటీ ఉన్నదే ఇటువంటి వాటిని పరిశీలించేందుకు. గనుల భద్రత, కార్మిక నియంత్రణ కేంద్ర జాబితాలోని 55వ అంశం కనుక సభకు పరిధి లేదన్న వాదన పాక్షికమే. 51 శాతం యజమానికి తన కంపెనీ నియామక విధానాన్ని ప్రశ్నించే అధికారం ఏ జాబితా వల్లా పోదు. వైద్యకారణం లేని నియామకం సమానత్వ హక్కు ముందు నిలుస్తుందా అన్న ప్రశ్న ఒక కమిటీ గదిలో ముందుగానే నలిగి ఉంటే, దరఖాస్తులు సిద్ధం చేసుకొన్న కుటుంబాలు కోర్టు తీర్పు దాకా ఆశతో ఎదురుచూడవలసిన స్థితి తప్పేది. ఆ ప్రశ్న వేయగల దగ్గరి మనుషుల్లో ఒకరు సభాపతి, ఇద్దరు విప్‌లు.

భూమి విషయంలోనూ ఇదే నడక. మంథని నియోజకవర్గం ఒకేసారి రెండు రకాల భూసేకరణను చూసింది: కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు, మహదేవపూర్ వైపు కాళేశ్వరం ఎత్తిపోతల. ఆ నాలుగేళ్లలో రాష్ట్రంలో మరే నియోజకవర్గానికీ భూసేకరణ చట్టం ఇంతకంటే సొంత విషయమై ఉండదు. ప్రభుత్వం మొదట ఎంచుకొన్నది చట్టం కాదు, 2015 జూలైలో వచ్చిన 123వ నంబరు జీవో. 2016 ఆగస్టులో హైకోర్టు దాన్ని కొట్టివేశాకే, డిసెంబరులో 2013 కేంద్రచట్టానికి రాష్ట్ర సవరణ సభ ముందుకు వచ్చింది. కేంద్రం సూచించిన మార్పులతో 2017 ఏప్రిల్ 30న ఒక్కరోజు ప్రత్యేక సమావేశంలో మళ్లీ ఆమోదం పొందింది. జీవో విఫలమయ్యాకే సభ గుర్తుకువచ్చింది. బొగ్గు ప్రాంతంలో ఓపెన్‌కాస్టును బొందలగడ్డ అంటారు. ఊరు పోయి బొంద మిగలడం అన్న ఆ అర్థాన్ని నిర్వాసితులు చట్టాల భాషకు ముందే కనుగొన్నారు.

దీనికి ఒక బలమైన ఎదురువాదం ఉంది. సభలో ప్రశ్న లేకపోయినా గనుల ప్రాంతానికి ప్రయోజనాలు వచ్చాయి కదా అన్నది అది. కార్మికులకు లాభాల వాటా 2014-15కు 21 శాతం ఉండగా 2017-18కి 27 శాతానికి పెరిగింది. గృహరుణాలపై వడ్డీ భారం తగ్గింది. ఇవి నిజమైన లాభాలు, తేలిగ్గా తీసిపారేయదగినవి కావు. అయితే ఇవన్నీ ప్రకటనలుగా వచ్చాయి. అడిగి సాధించుకొన్నదానికీ, ఇస్తే తీసుకొన్నదానికీ మొత్తం ఒకటే కావచ్చు. వచ్చే ఏడు తగ్గితే ఎవరిని, ఎక్కడ అడగాలన్నది ఒకటి కాదు. పైగా లాభాల వాటా శాశ్వత ఉద్యోగులకు చెందినది. కాంట్రాక్టు కార్మికుడికీ, భూమి పోగొట్టుకొని గనిలో ఉద్యోగం రాని రైతుకూ అందులో పాలులేదు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో వారికి ఓటూ లేదు. వారికి మిగిలిన ఏకైక ఓటు శాసనసభ ఓటు. కమాన్‌పూర్ వంటి పల్లెలున్న మండలంలో ఈ రెండు వర్గాల ఉనికి కాలనీల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

6. 2018 తీర్పు

2018 సెప్టెంబరు 6న సభ గడువుకు ముందే రద్దయింది. డిసెంబరు ఎన్నికల్లో తెలంగాణ రాష్ట్ర సమితి 63 నుంచి 88 స్థానాలకు పెరిగింది. ఈ 11 బొగ్గు స్థానాల్లో మాత్రం 8 నుంచి 3కు పడిపోయింది: బెల్లంపల్లి, చెన్నూరు, మంచిర్యాల. రాష్ట్రమంతా ఒక దిక్కుకు వీచిన గాలి గనుల మీద ఎదురు వీచింది. పదవులు పొందిన 5 స్థానాలలో 4 నేరుగా ఓడాయి: భూపాలపల్లి, కొత్తగూడెం, ఆసిఫాబాద్, రామగుండం. చెన్నూరును పార్టీ నిలుపుకొన్నది అభ్యర్థిని మార్చి, ఓదెలు స్థానంలో బాల్క సుమన్‌ను నిలబెట్టిన తర్వాతే.

ఈ అంకెలను మితిమీరి చదవకూడదు. పాత ఖమ్మం జిల్లాలోని నాలుగు స్థానాల ఫలితానికి ఆ జిల్లా రాజకీయమే ప్రధాన కారణం; 2014లో కూడా అక్కడ అధికారపక్షం గెలిచింది కొత్తగూడెం ఒక్కటే. ఆసిఫాబాద్‌లో తేడా 200 ఓట్లకు లోపు. అయినా ఖమ్మాన్ని పక్కన పెట్టినా మిగిలిన 7లో 4 పోయాయి, 2014లో ఆ 7కు 7 గెలిచిన చోట. అందులో రామగుండం మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ ఓటర్లు కాంగ్రెస్‌ను కాదు, ఫార్వర్డ్ బ్లాక్ గుర్తుపై నిలిచిన కోరుకంటి చందర్‌ను ఎన్నుకొన్నారు. పార్టీ మీద కోపం కంటే సభ్యుడి మీద అసంతృప్తికి ఇది దగ్గరగా ఉంటుంది. మంథనిలో పుట్ట మధు ఓడి శ్రీధర్‌బాబు తిరిగి వచ్చారు. పెద్దకుటుంబాన్ని పక్కనపెట్టి చూసిన ప్రయోగాన్ని ఓటరే ఒక్క దఫాతో ముగించారు. సభలో మాట్లాడటం తెలిసిన మనిషి కావాలన్న లెక్క ఆ నిర్ణయంలో కొంతైనా ఉందనడం అసంగతం కాదు.

ఎన్నికల తర్వాత జరిగినది తొలి సభ కథను పునరావృతం చేసింది. ప్రతిపక్షానికి దక్కిన 8 బొగ్గు స్థానాల్లో రామగుండం, భూపాలపల్లి, ఆసిఫాబాద్, కొత్తగూడెం, ఇల్లందు, పినపాక, సత్తుపల్లి సభ్యులు ఒకరి తర్వాత ఒకరు అధికారపక్షంలో చేరారు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ సభ్యుల విలీనాన్ని కొత్త సభాపతి గుర్తించారు. 11 స్థానాల్లో ప్రతిపక్ష వరుసలో మిగిలినది ఈసారి సత్తుపల్లి కాదు, కమాన్‌పూర్ ఓటు వేసే మంథని.